డర్బన్ తీరంలో వలలు ఎత్తే వేళ

సోమవారం

శ్రీకాకుళం తీరంలోని మా బారువలో మరబోట్లన్నీ ఒడ్డు పట్టి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం. ఆ 61 రోజులూ చేపలు గుడ్లు పెట్టుకునే కాలం అని మా బడి పిల్లలకు ప్రతి ఏడాదీ చెబుతాను. నాకూ వేసవి సెలవులే కాబట్టి, చెల్లెలు ఎన్నాళ్ల నుంచో పిలుస్తున్న డర్బన్ ప్రయాణం జూన్ మొదటి వారంలో పెట్టుకున్నాను. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడి నుంచి దక్షిణాఫ్రికా. చెల్లెలు వాళ్లు ఉండేది డర్బన్‌కు ఉత్తరాన, ఉమ్‌లాంగా అనే సముద్రతీరపు ఊళ్లో.

ఇక్కడ జూన్ అంటే చలికాలం. సాయంత్రం ఐదు దాటితే చీకటి. సామాను దించగానే, వెలుతురు ఉండగానే సముద్రం చూడాలని బయల్దేరాం. ఏడేళ్ల చెల్లెలి కూతురు చెప్పులు విడిచి నేరుగా నీళ్లలోకి పరుగెత్తింది. ఇక్కడ సొర చేపలుంటాయని విని ఉన్నాను కాబట్టి నేను వెనకే పరుగెత్తి చేయి పట్టుకున్నాను.

"టెన్షన్ పడకండి వదినగారూ" అన్నాడు మరిది. "అవతల షార్క్ నెట్స్ ఉన్నాయి. అవి దాటి లోపలికి రాలేవు."

అలల అవతల, ఒడ్డుకు అర కిలోమీటరు లోపు దూరంలో, నీళ్ల మీద తేలే బెండ్లు చుక్కల్లా కనిపించాయి. చేలోకి పందులు రాకుండా వేసే కంచె లాంటిది కాబోలు అనుకున్నాను. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

మంగళవారం

డర్బన్ రేవు నుంచి తెల్లవారకముందే ఒక పడవ బయల్దేరుతుంది. గోల్డెన్ మైల్ అనే ప్రధాన బీచ్ ముందున్న వలలను సిబ్బంది ఎలా చూసుకుంటారో సందర్శకులకు చూపిస్తారు. చెల్లెలు నాకు టికెట్ తీసిపెట్టింది. సంక్రాంతి దాటాక మా తీరానికి కొట్టుకొచ్చే చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లను పిల్లలతో కలిసి లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తానని దానికి తెలుసు.

రేవు దాటేసరికి తూర్పున ఎర్రబడుతోంది. వల దగ్గరికి చేరగానే మా గైడ్ చెప్పిన మొదటి మాటకే నా కంచె కూలిపోయింది. డర్బన్ ముందున్న ఒక్కో వల పొడవు 305 మీటర్లు, లోతు ఏడున్నర మీటర్ల చిల్లర. మిగతా ఊళ్లలో ఇంకా చిన్నవి, 214 మీటర్ల పొడవు, 6 మీటర్ల చిల్లర లోతు. వీటిని వేసేది 10 నుంచి 14 మీటర్ల లోతు నీళ్లలో. అంటే వల కింద ఖాళీ. రెండు కొసలకూ లంగర్లు వేసి, కొన్నింటిని ముందు వరుసలో, కొన్నింటిని వెనక వరుసలో కడతారు. వలకూ వలకూ మధ్య కూడా సందులే. సొర చేప పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి ఎటునుంచైనా రావచ్చు, పోవచ్చు. చిక్కే సొరల్లో దాదాపు మూడో వంతు వలకు ఒడ్డు వైపునే చిక్కుతాయట. అవి అప్పటికే జనం ఈదే చోటికి వచ్చి, తిరిగి లోతుకు పోతున్నవన్నమాట.

మరి ఇది ఎలా పనిచేస్తుంది? మా ఊరి జాలరికి చెబితే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఇది చేపలు పట్టే వల. తీరం దగ్గర తిరిగే పెద్ద సొరలను పట్టి చంపుతూ పోతే వాటి సంఖ్య తగ్గుతుంది, మనిషికి సొర ఎదురుపడే అవకాశమూ తగ్గుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

సిబ్బంది చిన్న పడవలో నిలబడి వలను చేత్తో పైకి లాగుతూ, ఒక కొస నుంచి రెండో కొసకు పోయారు. సగం దాకా ఏమీ లేదు. తరవాత ఒక టేకు చేప వచ్చింది, బతికే ఉంది. ఒకతను వలకన్ను కోసి, తోక ముల్లు తగలకుండా నేర్పుగా జారవిడిచాడు. ఆ తరవాత వచ్చింది తాబేలు. లాగర్‌హెడ్ అన్నారు, పెద్ద తల, ఎర్ర మట్టి రంగు డిప్ప. ముందు కాలికి తాడు రెండు చుట్లు పడింది. నాకు ఊపిరి ఆగిపోయింది. తాబేలుకు మొప్పలు లేవు, గాలి కోసం పైకి రావాల్సిందే. వల ఎంత కిందకు లాగి పడేసిందో, ఎంతసేపైందో తెలియదు. పడవలోకి తీయగానే అది బుస్సుమని గాలి వదిలింది. చుట్లు విప్పి మెల్లగా నీళ్లలోకి దించారు. రెండు సార్లు రెక్కలాడించి కిందికి దిగిపోయింది. మాతో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నా చేతులు కదల్లేదు. బారువలో నేను రాసుకున్న నోటుబుక్కు మొత్తంలో, వలలోంచి బతికి బయటపడ్డ తాబేలు ఒక్కటీ లేదు.

ఈ తాబేళ్లు గుడ్లు పెట్టేది ఇక్కడికి ఉత్తరాన, మొజాంబిక్ సరిహద్దు దాకా సాగే ఇసిమంగలీసో తీరంలో. అక్కడ 1963 నుంచి ఏటా గూళ్లు లెక్కపెట్టి కాపలా కాస్తున్నారు. ఆ కాపలా వల్లే లాగర్‌హెడ్‌లు పెరిగాయి. తోలు డిప్ప ఉండే లెదర్‌బ్యాక్‌లు మాత్రం అంతగా పెరగలేదు. ఒకే దేశం ఒక తీరంలో గుడ్డు గుడ్డుకూ కాపలా కాసి, ఇంకో తీరంలో వాటి దారిలోనే వల వేస్తోంది.

చివరి వలలో చనిపోయిన సొర ఒకటి. బాగా చిన్నది, నా చేయంత పొడవు. తల సుత్తిలా రెండు వైపులా సాగి ఉంది. స్కాలప్డ్ హామర్‌హెడ్ పిల్ల. ఈ జాతి అంతరించే అంచుకు చేరిందని ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో ఉంది. సుత్తి తల సొరలు వలలో ఎక్కువసేపు బతకవు. ఎప్పుడూ ముందుకు ఈదుతూ ఉంటేనే మొప్పల మీదుగా నీళ్లు పారి వాటికి ఊపిరి ఆడుతుంది. ఆగితే చావే. చేపకు నీళ్లలోనే ఊపిరాడక చావడం అనేది ఆ పిల్లను చూసేదాకా నా ఊహకు అందలేదు. మనుషుల జోలికి రాని ఆ పిల్లను ఒక సంచిలో పెట్టి పడవ అడుగున పడుకోబెట్టారు.

బుధవారం

ఉమ్‌లాంగాలో కొండ మీద, ఈ వలలు చూసుకునే షార్క్స్ బోర్డు కార్యాలయం ఉంది. 1964లో, డర్బన్ ఉన్న నటాల్ రాష్ట్రపు ప్రభుత్వం పెట్టిన సంస్థ, ఇప్పుడు పేరు క్వాజులు-నటాల్ షార్క్స్ బోర్డు. మంగళవారం నుంచి గురువారం దాకా, వలల్లో చనిపోయిన సొరను జనం ముందు కోసి చూపించి వివరిస్తారు. స్కూలు పిల్లలు ఎక్కువ. వాసనకు ముక్కులు మూసుకుంటూనే మెడలు ముందుకు చాచి చూశారు.

నాకు బడి గుర్తొచ్చింది. ఇలాంటి పాఠం మా పిల్లలకు దొరికితే ఎంత బాగుంటుంది! సొర చర్మాన్ని తల నుంచి తోక వైపు నిమిరితే పట్టులా ఉంది, ఎదురు నిమిరితే గరుకు కాగితంలా గీసుకుంది. చర్మం నిండా కంటికి కనపడనంత చిన్న పళ్లు. ముట్టె మీద చుక్కల్లాంటి రంధ్రాలు, నొక్కితే జిగురు వచ్చింది. ఇసుక కింద దాక్కున్న చేప గుండె కొట్టుకుంటే పుట్టే పాటి విద్యుత్తును కూడా ఆ రంధ్రాలతో పసిగడుతుందట. ఇన్నేళ్లుగా ఇక్కడ కోసి చూసిన సొరల నుంచే వాటి తిండి, వయసు, కాన్పుల గురించి ప్రపంచానికి చాలా తెలిసింది. ఆ మాట ఒప్పుకోవాలి.

గోడకు వల ముక్క ఒకటి వేలాడదీసి ఉంది. నల్లటి తాడు, కన్ను సాగదీస్తే 51 సెంటీమీటర్లు. చేయి దూర్చి చూశాను, భుజం దాకా దూరింది. వెనక్కి తీసేటప్పుడు చీర కొంగు చిక్కుకుంది. ముందుకు పోగలిగినంత సులువుగా వెనక్కి రాలేం. అదే దాని పని.

అక్కడి నుంచి వచ్చాక రాత్రి కూర్చుని అంకెలు రాసుకున్నాను. 1978 నుంచి 2008 దాకా 30 ఏళ్లలో ఈ ఒక్క రాష్ట్రపు వలల్లో 33 వేలకు పైగా సొరలు చిక్కాయి. అవి కాక 2,211 తాబేళ్లు, 8,448 టేకు చేపలు, 2,310 డాల్ఫిన్లు. సొరల్లో మనిషికి నిజంగా ప్రమాదం అనదగినవి మూడే జాతులు: గ్రేట్ వైట్, టైగర్, ఇక్కడివాళ్లు జాంబెజీ అని పిలిచే బుల్ షార్క్. చిక్కిన వాటిలో ఎక్కువ భాగం వేరే జాతులవే. గ్రేట్ వైట్‌ను వేటాడకూడదని ప్రపంచంలో అందరికంటే ముందు 1991లో చట్టం చేసిన దేశం కూడా ఇదే.

డాల్ఫిన్ల సంగతి మరీ బాధాకరం. శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో దారి తెలుసుకునే జీవి వలలో ఎందుకు పడుతుందని అడిగాను. చేపల వెంట పడినప్పుడు ధ్యాస అంతా చేప మీదే ఉండటం, సన్నని తాడు ప్రతిధ్వని బలహీనంగా ఉండటం కారణాలు కావచ్చన్నారు. వలకు శబ్దం చేసే పరికరాలు కట్టి చూశారు, పెద్దగా ఫలితం లేదు. ఇక్కడి హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు ఒడ్డు వదిలి లోతుకు పోవు. వలలు ఉండేదీ అక్కడే. దక్షిణాఫ్రికా మొత్తంలో అవి 500 లోపే మిగిలాయి.

బోర్డు మారలేదని అనను. 1990ల మొదట్లో 40 కిలోమీటర్లకు మించి ఉన్న వలలను చాలావరకు తగ్గించారు. చాలా చోట్ల వల తీసి, ఎర గుచ్చిన గాలం ఒక్కటి బోయాకు వేలాడదీస్తున్నారు. డ్రమ్‌లైన్ అంటారు. దానికి సొర పడుతుంది కానీ తాబేలు, డాల్ఫిన్ పడటం బాగా తక్కువ. బతికి ఉన్న గ్రేట్ వైట్ దొరికితే గుర్తు బిళ్ల కట్టి వదిలేస్తారు. తాళ్లలో చిక్కుకున్న తిమింగలాలను విడిపించడానికి వెళ్లే బృందంలోనూ ఈ బోర్డువాళ్లు ఉన్నారు.

బయటికి వస్తుంటే ఒక మాట చెవిన పడింది. దక్షిణం నుంచి సార్డీన్లు, అంటే మన కవళ్ల లాంటి చేపలు, గుంపులుగా వస్తున్నాయి, ఇక వలలు ఎత్తేస్తారు అని.

గురువారం

డర్బన్‌కు దక్షిణంగా కారులో ముప్పావు గంట పోతే ఉమ్‌కోమాస్. ఆ ఊరికి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో నీళ్ల కింద అలివాల్ షోల్ అనే రాతి దిబ్బ ఉంది. ఒకప్పటి ఇసుక దిబ్బే రాయిగా మారి మునిగిపోయింది. రుషికొండలో డైవింగ్ నేర్చుకున్నందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను. నది సముద్రంలో కలిసే చోట అలలను చీల్చుకుంటూ రబ్బరు పడవ ఎగిరెగిరి పడింది.

కింద ఒక గుహలాంటి చోటు. ముందు నీలం, తరవాత బూడిద రంగు, ఆ బూడిద రంగులోంచి ఒక సొర. ర్యాగ్డ్-టూత్. పళ్లు వంకరటింకరగా బయటికి పొడుచుకుని ఉంటాయి, చూస్తే గుండె జారిపోతుంది. కానీ అంత నెమ్మదైన జంతువును నేను చూడలేదు. చలికాలంలో ఇక్కడికి జత కట్టడానికి వస్తాయి. ఆరేడు ఉన్నాయి. ఇసుకకు జానెడు పైన, గుడిలో ప్రదక్షిణ చేస్తున్నట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకటి నా పక్క నుంచి పోయింది. చిన్న పసుపు కన్ను నన్ను చూసి, నాతో పనేమీ లేదన్నట్టు దాటిపోయింది.

పైకి వచ్చాక డైవింగ్ గురువు చెప్పిన విషయం నన్ను ఇంకా వదలడం లేదు. ర్యాగ్డ్-టూత్ తల్లికి రెండు గర్భసంచులు. ఒక్కో దాంట్లో మొదట ఎదిగిన పిల్ల మిగతా పిండాలను తినేస్తుంది. చివరికి పుట్టేవి రెండే పిల్లలు, అదీ రెండేళ్లకోసారి. మన కవళ్లలాగా వేల గుడ్లు పెట్టే చేపకు వల తగిలితే తట్టుకుంటుంది. రెండేళ్లకు రెండు పిల్లలు పెట్టే జీవికి వల తగిలితే? ఆగి ఉన్నా మొప్పల్లోకి నీళ్లు తోడుకోగలదు కాబట్టి వలలో మిగతా సొరల కంటే ఇదే ఎక్కువ సార్లు బతికి బయటపడుతుందట. అది విని కాస్త ఊరట కలిగింది.

శుక్రవారం

మా మరిదికి తెలిసిన ఒక తాతగారు స్కాట్‌బర్గ్‌కు తీసుకెళ్లారు. ఆయన పూర్వీకులు తెలుగువాళ్లు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని ఈ రేవులో దించింది. చెరకు తోటల్లో కూలీలుగా వచ్చిన మొదటి జట్టు అది. ఆ తరవాతి ఓడల్లో ఒకదాంట్లో ఈయన ముత్తాత వచ్చారు. 1931లో ఇక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తాతగారికి తెలుగు మాట్లాడటం రాదు, మాటలు కొన్ని మిగిలాయి. సముద్రం చూడగానే "వల, వల!" అని చూపించారు. ఆ మాట ఆయన నోట విన్నాక నాకు గొంతు పట్టేసింది.

అది అలివి వల. అచ్చం మా ఊళ్లో లాగినట్టే, రెండు తాళ్లు పట్టుకుని ముప్పై నలభై మంది ఒడ్డు మీద వెనక్కి నడుస్తున్నారు. వాళ్లలో భారతీయ మూలాలవాళ్లు, జులూలు కలిసి ఉన్నారు. తాతగారి తండ్రీ ఒకప్పుడు ఈ వలే లాగారు. వల ఒడ్డుకు వచ్చేసరికి వెండి రేకులు పోసినట్టు కవళ్లు. జనం బుట్టలు, బకెట్లు, టోపీలు పట్టుకుని ఎగబడ్డారు. అలల అవతల గానెట్ పక్షులు రాళ్లు విసిరినట్టు నీళ్లలోకి దూకుతున్నాయి. డాల్ఫిన్ల వీపులు లెక్కపెట్టలేనన్ని.

తీరంలో ఈత నిషేధమని బోర్డు పెట్టారు. వలలు ఎత్తేశారు. కవళ్ల వెంట వందల సొరలు, డాల్ఫిన్లు, వెనక తిమింగలాలు వస్తాయి. వలలు ఉంచితే అవన్నీ కుప్పలుగా చస్తాయి. అందుకని ఏటా ఈ కొన్ని వారాలు మనుషులు ఒడ్డున ఆగిపోతారు.

"ఎప్పుడూ ఇలాగే ఎత్తేసి ఉంచకూడదా తాతా?" అని అడిగాను. ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. 1957 డిసెంబరులో ఆయనకు ఏడేళ్లు. మంచి బీచ్‌లన్నీ అప్పట్లో తెల్లవాళ్లకే, వీళ్లను అడుగు పెట్టనిచ్చేవారు కాదు. అయినా ఆ భయం అన్ని ఇళ్లలోకీ వచ్చింది. డిసెంబరు 18 నుంచి ఏప్రిల్ 5 దాకా ఈ తీరంలో తొమ్మిది దాడులు. పలువురు చనిపోయారు. ఆ కాలాన్ని ఇప్పటికీ బ్లాక్ డిసెంబరు అంటారు. హోటళ్లు ఖాళీ అయ్యాయి. నౌకాదళం ఓడ వచ్చి నీళ్లలో బాంబులు వేసింది. కొన్ని సొరలు చచ్చాయి, చచ్చిన చేపల కోసం ఇంకా ఎక్కువ సొరలు వచ్చాయి. డర్బన్‌లో అప్పటికే 1952లో వలలు వేశారు. అంతకు ముందు తొమ్మిదేళ్లలో అక్కడ ఏడుగురు పోయారు. వలలు వచ్చాక ఒక్క ప్రాణమూ పోలేదు.

"నువ్వు ఆ డిసెంబరు చూడలేదమ్మా" అన్నారు.

నిజమే, చూడలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి తాబేళ్ల లెక్క చెప్పలేను. ఆ మాటే ఆయనతో అన్నాను. కానీ ఆయనకు కేప్ టౌన్ సంగతి కూడా చెప్పాను. అక్కడ 2004 నుంచి కొండ మీద మనుషులు దుర్భిణులతో కూర్చుని సముద్రం చూస్తారు. సొర కనిపిస్తే సైరన్ మోగిస్తారు, జెండా మారుస్తారు, జనం బయటికి వస్తారు. ఫిష్ హుక్ అనే ఊళ్లో సన్నని కళ్ల వలతో ఈత చోటును పూర్తిగా మూసేసి, సాయంత్రం తీసేస్తారు. జీవులు చిక్కకుండా ఉండేలా చేసిన వల అది. సోమవారం రాత్రి నేను ఊహించుకున్న కంచె అదే. అక్కడి నీళ్లు తేట, కొండ దగ్గర, అలలు తక్కువ. డర్బన్ నీళ్లు మసక, అలలు పెద్దవి, అదే పద్ధతి ఇక్కడ పనికొస్తుందని చెప్పలేం. అయినా 1952 నాటి ఉపాయం దగ్గరే ఆగిపోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. మా తీరంలోనూ ఇదే వాదన నడుస్తోంది. ట్రాలు వలకు తాబేలు తప్పించుకునే ద్వారం పెట్టమంటే చేప జారిపోతుందని అంటారు. జారే చేప కొంచెమే, మిగిలే తాబేళ్లు ఎన్నో.

తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒడ్డున పడి ఎగురుతున్న చిన్న టేకు పిల్లను తోక పట్టకుండా, రెండు అరచేతుల్లో ఎత్తి నీళ్లలో వదిలి వచ్చారు. మా ఇంటికి ఒక బుట్ట కవళ్లు కొనిచ్చారు. చెల్లెలు చింతపండు పులుసు పెట్టింది.

శనివారం

రేపు పొద్దున్నే విమానం. సాయంత్రం చెల్లెలి కూతురితో ఉమ్‌లాంగా పియర్ చివరి దాకా నడిచాను. తిమింగలం పక్కటెముకల్లా తెల్లని కమానులు కట్టిన వంతెన అది. కింద ఈత నిషేధం బోర్డు. సోమవారం నేను చూసిన బెండ్లు లేవు, ఇక్కడా ఎత్తేశారు.

"పెద్దమ్మా" అని పిల్ల నా చేయి లాగింది. బెండ్లు ఉండిన చోటుకు కొంచెం అవతల తెల్లగా ఆవిరి లేచింది. హంప్‌బ్యాక్ తిమింగలం. చలికాలంలో అంటార్కిటికా చల్లని నీళ్లు వదిలి, పిల్లలను కనడానికి మొజాంబిక్ వైపు పోతాయి. నిమిషానికి ఇంకోసారి, ఈసారి ఒడ్డుకు దగ్గరగా. వీపు నల్లగా వంగి మునిగింది.

"రెండు" అంది పిల్ల. చీకటి పడేదాకా లెక్కపెట్టాం. అయిదయ్యాయి. అన్నీ ఉత్తరం వైపే పోయాయి.